ఆర్కిటెక్చర్ పట్టా తరువాత విదేశీ ఇంటర్న్‌షిప్: కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

సరిహద్దు గ్రామాలలోని మన తెలుగు కుటుంబాల నుండి విదేశాలకు వెళ్ళేవారనగానే సాఫ్ట్‌వేర్ చదివినవారో, నర్సింగు చదివినవారో గుర్తుకు వస్తారు. బి.ఆర్క్. పూర్తిచేసిన పిల్లలకు కూడా ఇటువంటి అవకాశాలు ఉన్నవి. అయితే ‘అమెరికాలో ఇంటర్న్‌గా పిలుపు వచ్చింది’ అని బిడ్డ చెప్పినప్పుడు, అది ఉద్యోగమో చదువో ఇంటి పెద్దలకు బోధపడదు. బోధపడకముందే పొలం తాకట్టు మాట వస్తుంది. అందువలన ఆ పిలుపు అర్థమేమిటో ముందుగా తెలుసుకోవడం మేలు.

ఇది శిష్యరికం

ఇంటర్న్ అంటే శిష్యరికం చేసే వ్యక్తి. పెద్దమేస్త్రీ దగ్గర చేరిన కుర్రవాడు గోడ కట్టినా పూచీ మేస్త్రీదే. అదే విధంగా ఇంటర్న్ గీసిన ప్లానుకు పూచీ అతనిపైనున్న లైసెన్సు గల ఆర్కిటెక్టుదే.

మన దేశంలో బి.ఆర్క్. అయిదేళ్ళ చదువు. ప్రాక్టికల్ ట్రైనింగు అందులోనే భాగం. పట్టా పొందినవారు 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్‌లో నమోదు చేసుకుంటే ఆర్కిటెక్టు అనిపించుకుంటారు. అమెరికాలో పట్టా ఒక్కటే చాలదు. నిర్ణీతమైన అనుభవం, ఆపైన పరీక్షలు పూర్తయితేనే అక్కడి రాష్ట్రాలు లైసెన్సు ఇస్తాయి. బ్రిటన్‌లోనూ 1997 నాటి చట్టం ప్రకారం అక్కడి రిజిస్టరులో లేనివారు వృత్తిలో ఆ పేరు వాడుకోరాదు. కనుక ఇక్కడ ఆర్కిటెక్టుగా నమోదైన బిడ్డ అక్కడ శిష్యస్థానంలో ఉండడం చిన్నతనం కాదు. అది ఆ దేశపు నియమం.

గంటల లెక్క

అమెరికాలో ఈ అనుభవాన్ని గంటలలో లెక్కిస్తారు. ఎన్.సి.ఎ.ఆర్.బి. అనే సంస్థ నిర్వహించే కార్యక్రమంలో మొత్తం 3,740 గంటలు పూర్తిచేయాలి. వీటిలో పెద్దభాగం, అంటే 1,520 గంటలు, నిర్మాణానికి కావలసిన వివరమైన డ్రాయింగులు, పత్రాలు తయారుచేయడానికి; 1,080 గంటలు ప్రణాళిక, డిజైను పనికి. మిగిలినవి నిర్మాణస్థలం పరిశీలన, పనుల నిర్వహణ, స్థలం మరియు అవసరాల అధ్యయనం, ఆఫీసు నిర్వహణ అనే నాలుగు విభాగాలకు చెందుతాయి. ఆపైన ఆరు భాగాల పరీక్ష ఉంటుంది.

వారానికి 40 గంటల చొప్పున లెక్కవేసినా 3,740 గంటలకు 93 వారాలు దాటుతుంది. ఇంటర్న్‌లకు ఇచ్చే జె-1 వీసా కింద శిక్షణ గరిష్ఠంగా 12 నెలలు మాత్రమే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. ఒక్క ఏడాది ఇంటర్న్‌షిప్‌తో అమెరికా లైసెన్సు రాదు. వస్తుందని చెప్పే ఏజెంటు మాట నమ్మరాదు. ఆ ఏడాదిలో దొరికేది అనుభవం, దానికి సాక్ష్యంగా నమోదైన గంటలు. ఆ గంటలను పై ఆర్కిటెక్టు చేత ఎప్పటికప్పుడు ధ్రువీకరింపజేసుకోవాలి.

వీసా నియమాలు

జె-1 ఇంటర్న్‌గా వెళ్ళదలచినవారు పట్టా వచ్చిన 12 నెలలలోపే శిక్షణ మొదలుపెట్టాలి. ఆ గడువు దాటినవారు స్వదేశంలో ఒక ఏడాది వృత్తి అనుభవం సంపాదించి, ‘ట్రైనీ’ విభాగంలో 18 నెలల వరకు వెళ్ళే వీలున్నది. రెండింటికీ అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు గల స్పాన్సరు సంస్థ ఉండాలి. ఆ సంస్థ డి.ఎస్.-2019 పత్రం ఇస్తుంది. డి.ఎస్.-7002 అనే మరో పత్రంలో ఏ నెలలో ఏమి నేర్పుతారో, ఎవరు నేర్పుతారో, భృతి ఎంతో వ్రాసి ఉంటుంది. గుమాస్తా పని అయిదో వంతుకు మించరాదని నియమం. ఆరోగ్య బీమా తప్పనిసరి. తల్లిదండ్రులు ఈ రెండో పత్రాన్ని బిడ్డ చేత చదివించుకుని, తెలుగులో చెప్పించుకుని వినాలి.

భృతి సంగతి

పేరున్న ఆర్కిటెక్టు దగ్గర ఉచితంగా పనిచేయడం ఈ వృత్తిలో పాత ఆచారం. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన బాలకృష్ణ దోషీ 1951లో పారిస్‌లో లె కార్బూజియే వద్ద చేరినప్పుడు తొలి ఎనిమిది నెలలు జీతం లేకుండానే పనిచేశారు. అది ఆ కాలపు మాట. బ్రిటన్‌లోని ఆర్.ఐ.బి.ఎ. సంస్థ తన గుర్తింపు గల ఆఫీసులు విద్యార్థులకు కనీస వేతనమైనా ఇవ్వాలని 2011లో నియమం పెట్టింది. 2019లో జపాన్ ఆర్కిటెక్టు జున్యా ఇషిగామి ఆఫీసులో జీతంలేని ఇంటర్న్‌ల సంగతి బయటపడినప్పుడు, తమ పెవిలియన్ పనిలో ఉన్న అందరికీ వేతనం ఇవ్వాలని లండన్‌లోని సర్పెంటైన్ గ్యాలరీ ఆయనకు స్పష్టం చేసింది. కనుక భృతి ఎంతని అడగడం అమర్యాద కాదు. భృతి లేని చోట ఆఫీసుకు చేసే సేవకు అద్దె, తిండి ఖర్చు మన పొలం భరించవలసి వస్తుంది.

అక్కడి పని

కొత్తవారికి ముందుగా అప్పగించేది సాధారణంగా పెద్దలు ఎర్రసిరాతో గుర్తుపెట్టిన డ్రాయింగులను సరిదిద్దడం, నమూనాలు తయారుచేయడం. మన కళాశాలలలో మిల్లీమీటర్లలో గీయడం అలవాటు. అమెరికాలో కొలతలు అడుగులు, అంగుళాలలో ఉంటాయి. మనకు తెలిసినవి ఇటుక గోడ, కాంక్రీటు స్తంభం. అక్కడి ఇళ్ళు ఎక్కువగా చెక్క చట్రంతో కట్టినవి. రెవిట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో చేయి తిరిగి ఉంటే తొలి నెలలు వృథా పోవు.

పేర్ల తకరారు

మన ప్రాంతాల పిల్లలకు మరొక చిక్కు ఉన్నది. ఇంట్లో ఇంటిపేరు ముందు. తమిళనాడు బడి రికార్డులో తండ్రి పేరు మొదటి అక్షరం. కర్ణాటకలో ఒక్కొక్కసారి ఊరి పేరు అక్షరం కూడా. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కాక పూర్తి పేరు వ్రాయాలి. మార్కుల జాబితా, పట్టా, పాస్‌పోర్టు మూడింటిలో పేరు మూడు విధాలుగా ఉంటే ప్రతి దశలో సంజాయిషీ ఇవ్వవలసి వస్తుంది. అందుచేత చివరి ఏడాది చదువుతుండగానే వీటిని సరిచేయించుకోవాలి.

అప్పు చేసే ముందు

నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉన్నదో లేదో చూడండి. స్పాన్సరు సంస్థకు గుర్తింపు ఉన్నదా? నెలకు భృతి ఎంత, ఆ ఊరిలో అద్దె ఎంత? గంటలను ధ్రువీకరించే లైసెన్సు గల ఆర్కిటెక్టు ఎవరు? గడువు ముగిసిన తరువాత బిడ్డ ఆలోచన ఏమిటి? నాలుగింటికీ జవాబు దొరికితే ధైర్యంగా పంపవచ్చు. దొరకకపోతే, మన దేశంలోనే మంచి ఆఫీసులో ఒక ఏడాది పనిచేసి ట్రైనీగా వెళ్ళే దారి తెరిచే ఉన్నది. ఆ ఏడాది నష్టం కాదు. తాకట్టు పడిన పొలం విడిపించుకోవడానికి పట్టే కాలం అంతకంటే ఎక్కువ.