వియన్నా నుంచి వేడర్ దాకా

కొత్త సినిమా సంగీతం బయటికి రాగానే మనవాళ్లు ముందు వెతికేది దాని పాత చుట్టాన్నే. హాలీవుడ్ సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్‌కూ ఈ వెతుకులాట తప్పలేదు. 1977 నాటి ‘స్టార్ వార్స్’ టైటిల్ సంగీతం విని, ఆ వెంటనే 1942లో వచ్చిన ‘కింగ్స్ రో’ మొదలు వినండి. అన్నదమ్ముల పోలిక! దాన్ని దొంగతనమని కొట్టిపారేస్తే మాత్రం ఓ గొప్ప వంశచరిత్రను పోగొట్టుకుంటాం.

‘కింగ్స్ రో’కు సంగీతం కట్టింది ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్. వియన్నాలో బాలమేధావి. పదమూడేళ్లకే ఆయన బాలే అక్కడి కోర్టు ఒపెరాలో ప్రదర్శనకెక్కింది. 1938 ఆరంభంలో ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ కోసం హాలీవుడ్ వెళ్లాడు. మార్చిలో ఆస్ట్రియా హిట్లర్ వశమైంది. యూదుడైన కోర్న్‌గోల్డ్‌కు ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. ఆ సినిమాయే తన ప్రాణం నిలిపిందని తర్వాత చెప్పుకున్నాడు. ఒపెరాలో నేర్చిన విద్యనంతా వెండితెరకు ధారపోశాడు.

‘స్టార్ వార్స్’ నాటికి కోర్న్‌గోల్డ్ తరహా నిండు ఆర్కెస్ట్రా పాతబడిన పద్ధతి. ఎడిటింగులో సన్నివేశాల కింద తాత్కాలికంగా హోల్స్ట్ ‘ది ప్లానెట్స్’ వంటి కృతులు పెట్టుకున్నారు. అందులోని ‘మార్స్’ది యుద్ధాన్ని తలపించే ఐదు దెబ్బల నడక, లెక్కకు మన ఖండచాపు లాంటిది. విలియమ్స్ ఆ బరువును అందుకుని బాణీలు మాత్రం తనవి కట్టాడు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది.

పోలికల కన్నా లోతైన అప్పు మరొకటుంది. అది జర్మన్ ఒపెరా స్వరకర్త వాగ్నర్‌ది. నాలుగు ఒపెరాల ‘రింగ్’లో ఆయన మనిషికో, వస్తువుకో, భయానికో ఒక్కో స్వరమాల కేటాయించాడు. కథ మలుపు తిరిగితే ఆ స్వరాలూ మారతాయి. 1980లో విలియమ్స్ ‘స్టార్ వార్స్’ ప్రతినాయకుడు డార్త్ వేడర్‌కు ఇచ్చిన ‘ఇంపీరియల్ మార్చ్’ ఆ బాటలోదే. ఇత్తడి వాద్యాల గర్జనతో అది వస్తుంటే థియేటర్లో వెన్ను నిటారవుతుంది. మూడేళ్ల తర్వాతి సినిమాలో వేడర్ తన కొడుకు ఎదుట కన్నుమూస్తాడు. అవే స్వరాలు, ఈసారి సన్నగా, ఆఖరికి హార్ప్ తీగల మీద. ఒక్క మాట లేకుండానే రాక్షసుడు తండ్రయ్యాడని మనకు తెలిసిపోతుంది. సినిమా సంగీతంలో నాకు ఇంతకన్నా గొప్ప ఘట్టం కనబడలేదు.

సినిమాకు రాసింది కచేరీకి తగదన్న చిన్నచూపు కోర్న్‌గోల్డ్‌ను బతికినన్నాళ్లూ వెంటాడింది. సినిమా బాణీలతోనే ఆయన వయొలిన్ కన్చెర్టో అల్లాడు. 1947లో వయొలిన్ విద్వాంసుడు హైఫెట్జ్ వాయించినా విమర్శకులు కరగలేదు. పదేళ్లకు కోర్న్‌గోల్డ్ కన్నుమూశాడు. ఇప్పుడా కన్చెర్టో ప్రపంచమంతటా వయొలిన్ విద్వాంసులు ఇష్టంగా ఎత్తుకునే కృతి.

2020 జనవరిలో, 87 ఏళ్ల వయసులో విలియమ్స్ వియన్నా ఫిల్హార్మోనిక్‌ను నడిపించాడు. అదీ కోర్న్‌గోల్డ్ పెరిగిన ఊళ్లోనే. ‘ఇంపీరియల్ మార్చ్’ కూడా ఉండాలని కోరింది ఆ వాద్యకారులే.