మూలబడిన గోబర్‌గ్యాసు ప్లాంటును తిరిగి నడిపించుట ఎట్లు?

మీ గ్రామములో గోబర్‌గ్యాసు ప్లాంట్లు ఎన్ని కలవో ఒకసారి లెక్కించి చూడండి. తరువాత వానిలో ఎన్ని ఇండ్లలో నేటికిని ఆ గ్యాసుతో పొయ్యి వెలుగుచున్నదో లెక్కించండి. ఈ రెండు లెక్కలకు గల తేడాయే ఈ వ్యాసమునకు విషయము.

ఇనుప డ్రమ్ము పైకి క్రిందికి కదలు ప్లాంటును 1960 దశకములో ఖాదీ గ్రామీణ పరిశ్రమల సంఘము వ్యాప్తిలోనికి తెచ్చినది. 1981-82లో కేంద్ర ప్రభుత్వము జాతీయ పథకముగా చేపట్టిన పిమ్మట ఊరూర గుంటలు త్రవ్విరి. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో ఇనుప డ్రమ్ము లేదు. ఇటుక గుమ్మటమే గ్యాసును పట్టి యుంచును. అప్పుడు కట్టినవానిలో కొన్ని నేడు వరిగడ్డి వామికి అరుగులైనవి, కొన్ని కోళ్లగూళ్లైనవి. డెల్టా గ్రామమొకదానిలో ఒక పెద్దమ్మగారు నాతో, "గ్యాసు పెరట్లో ఉంది బాబూ, పొగ మాత్రం వంటింట్లోనే ఉంది" అన్నారు. ఆమె అప్పుడు పిడకల పొయ్యి ముందు కూర్చుని కన్నులు తుడుచుకొనుచుండిరి. ఆ ప్లాంటు చెడిపోలేదు. గొట్టములో నీరు నిలిచినది, అంతే. దాని సంగతి ముందు చెప్పెదను.

మొదట పేడ లెక్క చూతము. ఆవు గాని ఎద్దు గాని దినమునకు సుమారు 10 కిలోలు, గేదె సుమారు 15 కిలోలు పేడ వేయును. 25 కిలోల పచ్చిపేడ నుండి సుమారు ఒక ఘనమీటరు గ్యాసు వచ్చును. అయిదారుగురు గల ఇంటికి 2 ఘనమీటర్లు, అనగా 50 కిలోల పేడ కావలెను. ఇట్టి ప్లాంటు చక్కగా నడచినచో 16, 17 దినముల గ్యాసు 14.2 కిలోల వంటగ్యాసు సిలిండరు ఒకదానితో సమానమగును.

అదే 25 కిలోల పేడను పిడకలు కొట్టి ఎండబెట్టినచో 5 కిలోలకు మించి రావు. ఒక ఘనమీటరు గ్యాసుతో అయ్యెడి వంటకు సుమారు 12 కిలోల పిడకలు కావలెను. ఏలయనగా పిడకల పొయ్యిలో వేడి పదింట తొమ్మిది పాళ్లు పొగతో పాటు పోవును. గ్యాసు పొయ్యిలో సగమునకు పైగా గిన్నెకు అందును. కనుక పిడక వలన వంట తక్కువ, పైగా పొలమునకు పోవలసిన నత్రజని గాలిలో కలియును; మిగులునది గుప్పెడు బూడిద.

ఇక ప్లాంట్లు ఏల ఆగినవి? చాలమంది "గ్యాసు రాలేదు" అందురు. నిజమునకు పేడయే పోలేదు. ప్లాంటు కట్టిన నాడు దొడ్డిలో రెండు ఎద్దులు, రెండు మూడు గేదెలు ఉండెడివి. ట్రాక్టరు వచ్చినది, ఎద్దులు పోయినవి. నేడొక గేదె మిగిలినది. దీనికి ప్లాంటును తప్పు పట్టుట న్యాయము కాదు. అయితే ఈ కథకు రెండవ వైపు కూడ కలదు. పిల్లలు పట్నములకు పోగా అనేక ఇండ్లలో నేడు ఇద్దరే ఉన్నారు. ఒక గేదె పేడకు సుమారు 0.6 ఘనమీటరు గ్యాసు వచ్చును. ఇద్దరి వంటకు అది చాలును. పశువును బయట మేపినచో సగము పేడ దారిలోనే పడునని మాత్రము మరువరాదు. ప్రక్క ఇంటివారు పేడ ఇచ్చి స్లర్రీ తీసికొనిపోవు ఏర్పాటు కుదిరినచో మరింత మంచిది.

పేడ ఉండియు గ్యాసు రానిచో ఈ క్రింది వానిని వరుసగా చూడవలెను.

పేడ ఎంతో నీరు అంతే కలుపవలెను. చిక్కనైనచో కదలదు, పలుచనైనచో పేడ అడుగున, నీరు పైన విడిపోవును. గడ్డిపరకలు, మట్టి తీసివేయవలెను. గడ్డి పైకి తేలి అట్ట కట్టును, ఇసుక అడుగున పేరుకొనును. డ్రమ్ము ప్లాంటులో దినమునకు ఒకసారి డ్రమ్మును కుడికి ఎడమకు త్రిప్పినచో అట్ట విరుగును. గుమ్మటపు ప్లాంటులో పొడవైన వెదురుతో బయటి తొట్టి నుండి కదిలించవచ్చును. దొడ్డి కడిగిన ఫినాయిలు నీరు, సబ్బునీరు పొరపాటున కూడ లోనికి పోనీయరాదు. పేడలోని సూక్ష్మజీవులే గ్యాసు పుట్టించును. అవి చచ్చినచో మిగులునది పేడనీళ్ల గుంట మాత్రమే.

ఇక పెద్దమ్మగారి ఇంటి జబ్బు. గుంట నుండి వచ్చు గ్యాసులో నీటి ఆవిరి ఉండును. రాత్రి చల్లదనమునకు అది గొట్టములో నీరై పల్లపు చోట నిలుచును. మొదట మంట ఎగిరి ఎగిరి పడును, తరువాత ఆరిపోవును. గొట్టమును ఎక్కడను జోలెవలె సాగనీయక, గుంట వైపునకు గాని నీరు వదలు కుళాయి వైపునకు గాని వాలుగా అమర్చి, వారమునకొకసారి ఆ కుళాయి త్రిప్పి నీరు పోనీయవలెను. ఆమె ఇంట ఈ కుళాయి ఎక్కడ ఉన్నదో ఎవరును చెప్పలేదు. కట్టించి పోయినవారు దానిని చూపుటకు రెండు నిమిషములు చాలి యుండెడివి.

మంట పసుపుగా ఉండి గిన్నె మసిబారినచో పొయ్యి వద్ద గాలి రంధ్రమును సరిచేయవలెను. మంట నీలముగా రావలెను. సిలిండరు పొయ్యిని తెచ్చి దీనికి తగిలించిన లాభము లేదు. గోబర్‌గ్యాసు తక్కువ ఒత్తిడితో వచ్చును, దానికి పెద్ద రంధ్రము గల వేరు పొయ్యి కావలెను.

గ్యాసు కారుచున్నదా అని అగ్గిపుల్ల గీసి చూచువారున్నారు. ఇది ప్రాణాపాయము. అతుకుల వద్ద సబ్బు నురుగు పూసినచో కారు చోట బుడగలు లేచును. ఇనుప డ్రమ్ముకు ఏటేట రంగు వేయవలెను. గుమ్మటము బీటలు వారినచో, ఇట్టి పని తెలిసిన తాపీమేస్త్రీ చేతనే లోపల పూత వేయించవలెను.

ఇంతకన్న ముఖ్యమైన మాట ఇంకొకటి కలదు. పూడిక తీయుటకు గుంటలోనికి ఎవరిని దింపకండి. లోపల ఊపిరికి గాలి ఉండదు, విషవాయువు ఉండును. దిగినవాడు కేక వేయక ముందే కూలును, వానిని పట్టబోయినవాడును కూలును. పాత బావిలోనికి లాంతరు దింపి చూచు అలవాటు మనకు కలదు. ఇక్కడ ఆ పని చేసినచో లాంతరు ఆరిపోవుటకు బదులు గుంటయే పేలవచ్చును. పైనుండియే బకెట్లతో గాని పంపుతో గాని తోడించవలెను. గ్రామాధికారులు ఈ ఒక్క సంగతిని కూలీలకును మేస్త్రీలకును ప్రత్యేకముగా చెప్పవలెను.

శుభ్రపరచిన ప్లాంటును తిరిగి నింపుటకు 2 ఘనమీటర్ల దానికి ఒకటిన్నర నుండి రెండు టన్నుల పేడ పట్టును. ఇరుగుపొరుగు దొడ్ల నుండి ముందుగా ప్రోగుచేసికొనవలెను. నడచుచున్న ప్లాంటు నుండి కొన్ని బిందెల స్లర్రీ తెచ్చి కలిపినచో, పాలకు తోడు వేసినట్లు, పని త్వరగా సాగును. మొదట వచ్చు గ్యాసు మండదు. అందులో గాలి, బొగ్గుపులుసు వాయువు హెచ్చుగా ఉండును. దానిని నిప్పు లేని చోట బయటికి వదలి వేచి యుండవలెను. మన ప్రాంతములో వేసవిలో పని తొందరగా జరుగును. మాఘమాసపు చలిలో మొదలుపెట్టి నిరాశ చెందవద్దు.

మండు వాయువు పేరు మీథేను. భూమి వేడెక్కుటకు కారణమైన వాయువులలో ఇది యొకటి. నూరేండ్ల లెక్కలో బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువు కన్న సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి యుంచును. తడిసిన పెంటకుప్ప అడుగున ఇది తనంత తానే పుట్టి గాలిలోనికి పోవుచుండును. ప్లాంటులో పట్టి పొయ్యిలో కాల్చినప్పుడు ఆ హాని చాలవరకు తగ్గును. కాని కారు ప్లాంటు మేలు కన్న కీడు చేయవచ్చును. ఎండిన పిడకలో మీథేను దాదాపు పుట్టనే పుట్టదు, గుంటలో మాత్రము దండిగా పుట్టును. కనుక గ్యాసు మిగిలిన దినమున దానిని ఊరక వదలక, స్నానపు నీరో పశువుల కుడితియో కాచుకొనవలెను.

బయటికి వచ్చు స్లర్రీని వీధి కాలువలోనికి వదలుట కొన్నిచోట్ల చూచితిని. అంతకన్న పాడు పని లేదు. నత్రజని అందులోనే ఉన్నది. బయటి తొట్టి ప్రక్కన రెండు గుంటలు త్రవ్వి, ఎండుటాకులు, చెత్త పరచి దానిపై స్లర్రీ పోవునట్లు చేయవలెను. ఒకటి నిండగానే రెండవదానికి మళ్లించి, మొదటిదానిని మట్టితో కప్పి మాగనీయవలెను. కూరగాయల మడులకు పచ్చి స్లర్రీని సాగునీటితో కలిపి పారించవచ్చును. దానిలో కలుపు గింజలు చాలవరకు చచ్చి యుండును, వాసన ఉండదు, ఈగలు అంతగా ముసరవు. ఎండలో పరచి ఎండబెట్టినచో మాత్రము నత్రజనిలో కొంత ఎగిరిపోవును; నీడపట్టున ఆరబెట్టవలెను.