పెదాలు ముందు.. మాట వెనక!

ఫోన్‌లో సినిమా పెట్టుకుని, బ్లూటూత్ స్పీకర్ కలిపి ఎప్పుడైనా చూశారా? చవక స్పీకర్ అయితే వెంటనే తెలిసిపోతుంది. హీరో నోరు మూసేశాక డైలాగ్ వినిపిస్తుంది. తేడా సెకనులో పదో వంతో, ఐదో వంతో ఉంటుంది, అంతే. అయినా రెండు నిమిషాలకే చిరాకు పుట్టి స్పీకర్ ఆపేస్తాం.

ఈ చిన్న తేడాను సరిచేయడానికి పారిస్‌లో ఒకాయన దాదాపు పదిహేనేళ్లు పోరాడాడు. ఆయన చేసిన యంత్రం కోసం మద్రాసులో ఒక తెలుగాయన తన బతుకుదెరువునే తాకట్టు పెట్టాడు. ఒకరు లియోన్ గోమాంట్, మరొకరు రఘుపతి వెంకయ్య నాయుడు. మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో చదువుకుంటూ 'సినిమాల్లోకి వెళ్లాలి' అని మనసులో అనుకుంటున్నారా? అయితే దర్శకుల కథలు తర్వాత వినొచ్చు. ముందు ఈ యంత్రం కథ వినండి.

సెక్రటరీగా చేరి డైరెక్టరైంది

గోమాంట్ 1864లో పుట్టాడు. 1895లో ఒక ఫొటో సామగ్రి వ్యాపారాన్ని తీసుకుని తన పేరుతో కంపెనీ పెట్టాడు. అదే ఏడాది డిసెంబరులో లూమియర్ సోదరులు పారిస్‌లో టికెట్ పెట్టి బొమ్మలు ఆడించారు. అక్కడి నుంచి సినిమా పరుగందుకుంది. గోమాంట్ ఒంటరిగా గదిలో కూర్చుని అన్నీ కనిపెట్టేసిన రకం కాదు. జార్జ్ దెమెనీ దగ్గర పేటెంట్లు కొన్నాడు, మంచి ఇంజినీర్లను పెట్టుకున్నాడు, వాళ్లు చేసినదాన్ని జనం ముందుకు తెచ్చాడు. పుస్తకాల్లో 'ఆవిష్కర్త' అని ఒక్క పేరే కనిపిస్తుంది కానీ, ఆ పేరు వెనక ఒక బృందం ఉంటుంది.

ఆ బృందంలో ఆలిస్ గీ అనే అమ్మాయి ఉంది. 1894లో, 21 ఏళ్ల వయసులో, ఉత్తరాలు టైప్ చేసే సెక్రటరీగా చేరింది. 'కథతో ఒక చిన్న సినిమా తీస్తాను' అని యజమానిని అడిగి, 1896లో తీసేసింది. ప్రపంచ సినిమాలో మొదటి మహిళా దర్శకురాలు ఆమే. గోమాంట్ మాట్లాడే బొమ్మల యంత్రం చేశాక, దాని కోసం వందకు పైగా పాటల చిత్రాలు ఆమె చేతి మీదుగానే తయారయ్యాయి. ఇచ్చిన పని చేస్తూనే పక్క పని నేర్చుకునేవాళ్లకు ఇంటర్న్‌షిప్ అనే మాట అప్పటికి లేదు గానీ, ఆమె చేసింది అదే.

రెండు మోటార్లు, ఒక తీగ

1902 నవంబరులో గోమాంట్ తన 'క్రోనోఫోన్'ను ఫ్రెంచి ఫొటోగ్రఫీ సంఘం ముందు ఆడించి చూపించాడు. అది ఎలా పనిచేసేదో తెలిస్తే ముచ్చటేస్తుంది.

హాలు వెనక ప్రొజెక్టర్, ముందు తెర పక్కన గ్రామఫోన్. రెంటికీ చెరో విద్యుత్ మోటారు. మోటార్లను తీగలతో కలిపి, రెండూ ఒకే వేగంతో తిరిగేలా కట్టారు. ఆపరేటర్ చేతిలో ఒక నియంత్రణ పెట్టె. దానికి 'ఆర్కెస్ట్రా నాయకుడు' అని పేరు పెట్టుకున్నారు. బొమ్మ ముందుకు పోతే ప్రొజెక్టర్‌ను కాస్త నెమ్మదింపజేయాలి, వెనకబడితే తొందర పెట్టాలి. ఆపరేటర్ ఆటంతా నటుడి పెదాల మీదే కళ్లు పెట్టి నిలబడాలన్నమాట.

ఎందుకంత జాగ్రత్త? చిన్న లెక్క వేద్దాం. అప్పట్లో ఫిలిం సుమారు సెకనుకు 16 బొమ్మల చొప్పున నడిచేది. ఎక్కడో ఫిలిం తెగింది. ఆపరేటర్ చెడిపోయిన 8 బొమ్మలు కత్తిరించి అతికించాడు. మామూలు మూగ సినిమా అయితే ఎవరూ గమనించరు. కానీ ప్లేటులోని పాట తెగలేదు కదా! అక్కడి నుంచి బొమ్మ అర సెకను ముందు, పాట అర సెకను వెనక. సూది ఒక గీత దాటి దూకితే ఇదే తిరగబడుతుంది.

ఇంకో ఇబ్బంది శబ్దం చాలకపోవడం. ఆంప్లిఫయర్లు ఇంకా రాలేదు. వందల మంది కూర్చున్న హాల్లో గ్రామఫోన్ గొంతు ముందు వరుసలు దాటదు. అందుకని కంప్రెస్డ్ ఎయిర్‌ను వాడారు. సూది కదలికకు ఒక చిన్న వాల్వు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, దాని గుండా ఒత్తిడిలో ఉన్న గాలి బాకాలోకి దూసుకొస్తుంది. పాట పెద్దగా వినపడేది, దాంతో పాటు గాలి బుసకొట్టే చప్పుడు కూడా. ఇలా గొంతు పెంచిన రకానికే 'క్రోనోమెగాఫోన్' అని పేరు.

మరి ఆ పాటలు ఎలా తీశారు? అప్పటి రికార్డింగ్‌లో గాయకుడు బాకాలోకి దాదాపు తల దూర్చి పాడాలి. అలా పాడుతున్నవాణ్ని కెమెరాతో తీస్తే బాకా తప్ప ఏమీ కనపడదు. కాబట్టి ముందు పాట ప్లేటు మీదికి ఎక్కించేవారు. తర్వాత దాన్ని వినిపిస్తూ, నటుడు పెదాలు కదుపుతుంటే కెమెరా తిప్పేవారు. ఎక్కడో విన్నట్టుంది కదూ? ఇవాళ మన తెలుగు సినిమాలో పాట చిత్రీకరించేదీ ఇలాగే.

మౌంట్ రోడ్డు ఫొటోగ్రాఫరు

ఇప్పుడు మద్రాసుకు వద్దాం. రఘుపతి వెంకయ్య 1869లో మచిలీపట్నంలో పుట్టారు. బొమ్మలు గీసే చెయ్యి. మద్రాసు వచ్చి మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో పెట్టి నిలదొక్కుకున్నారు. నలభై ఏళ్ల వయసు, నడుస్తున్న వ్యాపారం. అలాంటి సమయంలో, 1909-10 ప్రాంతంలో, మాట్లాడే బొమ్మల యంత్రం అమ్మకానికి వచ్చిందని తెలిసింది. దాని కోసం స్టూడియోను తాకట్టు పెట్టి ముప్పై వేల రూపాయలు తెచ్చారని సినిమా చరిత్రకారులు రాస్తారు. ఆ రోజుల్లో ముప్పై వేలంటే ఆలోచించండి.

నాకు ఇక్కడ ఆసక్తిగా అనిపించేది ఆయన ధైర్యం ఒక్కటే కాదు. ఫొటోగ్రాఫర్ కాబట్టి లెన్సు తెలుసు, రసాయనాలు తెలుసు, వెలుతురు తెలుసు. తెలియనిది ధ్వని ఒక్కటే. తనకు సగం తెలిసిన రంగంలోకే అడుగు పెట్టారు. అప్పు మాత్రం మొత్తం చేశారు. అది చూసి మీరూ అలాగే చేయండని నేను చెప్పను. ఇంటి పత్రాలు తీసుకెళ్లి కెమెరా కొనేసి తర్వాత తల పట్టుకున్నవాళ్లను చూశాను.

మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆయన ఆటలు మొదలయ్యాయి. తర్వాత యంత్రం ఊళ్లు పట్టింది. బెజవాడ, బెంగళూరు, సింహళం, రంగూన్ దాకా తిరిగింది. మద్రాసు-బెంగళూరు రైలుమార్గం అప్పటికే మన కుప్పం మీదుగా నడుస్తోంది. పడమటి మండలాల ఊళ్లలో రాత్రిపూట వినోదం అంటే వీధి నాటకం, తోలుబొమ్మలాట, ధర్మరాజుల గుడి దగ్గర రోజుల తరబడి సాగే మహాభారతం. తెర మీద బొమ్మ కదలడం తోలుబొమ్మలాట చూసినవాళ్లకు వింత కాదు. అయితే తోలుబొమ్మ వెనక మనిషి ఉంటాడు. బొమ్మ చెయ్యి ఆడించేదీ అతనే, పాడేదీ అతనే. అందుకే పెదాలు ముందు, మాట వెనక అనే సమస్యే అక్కడ రాదు. ఆ మనిషిని తీసేసి రెండు మోటార్లు పెట్టాక పుట్టిన తలనొప్పి ఇది.

వెంకయ్య అక్కడితో ఆగలేదు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. తర్వాత క్రౌన్, గ్లోబ్. కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్య నేర్చుకోమని ఇంగ్లండు పంపారు. ఆయన తిరిగొచ్చాక స్టార్ ఆఫ్ ది ఈస్ట్ పేరుతో స్టూడియో పెట్టి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. మూగ చిత్రమే. మాట్లాడే బొమ్మల యంత్రంతో మొదలైన ఇల్లు మూగ చిత్రాలు తీయాల్సి రావడం విచిత్రంగా లేదూ? కారణం ఉంది. ప్లేటు మీద పట్టేది మూడు నాలుగు నిమిషాలు. సినిమా మాత్రం గంటల వైపు సాగిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి గోమాంట్ యంత్రం పక్కకు జరిగిపోయింది. వెంకయ్య స్టూడియో కూడా ఎక్కువ కాలం నడవలేదు. తెలుగు తెర మీద పూర్తి నిడివి సినిమా మాట్లాడింది 1932లో, 'భక్త ప్రహ్లాద'తో. అది చూసే నాటికి వెంకయ్యకు అరవై దాటాయి. 1941 మార్చిలో ఆయన కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980 నుంచి ఆయన పేరు మీద పురస్కారం ఇస్తూ వచ్చింది.

మళ్లీ ప్లేటు!

గోమాంట్ ఓడిపోయాడా? 1927లో అమెరికాలో 'ది జాజ్ సింగర్' వచ్చింది. అదీ ప్లేటు మీద పాటే! కాకపోతే అప్పటికి ఆంప్లిఫయర్ వచ్చింది, ఒక్కో ప్లేటు పదకొండు నిమిషాలు ఆడింది. తర్వాత ధ్వనిని ఫిలిం అంచు మీదే గీతలుగా ముద్రించడం మొదలైంది. బొమ్మ తెగితే పాటా తెగుతుంది కాబట్టి తగవు తీరింది. ఫిలిం వేగం సెకనుకు 24 బొమ్మలకు స్థిరపడిందీ అప్పుడే.

అక్కడితో ప్లేటు పోయిందనుకున్నారు. 1993లో 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్ వచ్చింది. మీ నాన్నను అడగండి, పోస్టర్ మీద 'డీటీఎస్' అని ఉంటే చాలు, ఆ హాలుకే పోదాం అనేవాళ్లు. అందులో ధ్వని ఫిలిం మీద ఉండదు, సీడీల్లో ఉంటుంది. ఫిలిం అంచున సన్నని చుక్కల గుర్తులు మాత్రం ఉంటాయి. అవి 'ఇప్పుడు ఫలానా క్షణం' అని సీడీ ప్లేయర్‌కు చెబుతూ ఉంటాయి. ఫిలింలో 8 బొమ్మలు పోతే గుర్తులూ పోతాయి, ప్లేయర్ అది చూసి తనూ అంత మేర దూకుతుంది. పెదాల మీద కళ్లు పెట్టి నిలబడిన ఆపరేటర్ పనిని చుక్కలు చేశాయి. గోమాంట్‌కు కొరవడింది ఇదొక్కటే.

ఈ పనిలో మీకు చోటెక్కడ?

మదనపల్లె కాలేజీల్లో ఈసీఈ, ఫిజిక్స్ చదివే వాళ్లలో సినిమా పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది డైరెక్షన్ అనో ఎడిటింగ్ అనో అంటారు. సౌండ్ అనేవాళ్లు తక్కువ. మన సినిమాల్లో ఎక్కువ భాగం షూటింగ్ అయ్యాక డబ్బింగ్ థియేటర్లో గొంతు కలుపుతారు. అక్కడ డబ్బింగ్ ఇంజినీర్ చేసేది పెదాలకు మాట అతికించడమే. అడుగుల చప్పుడు, గాజుల గలగల, తలుపు కిర్రుమనడం మళ్లీ సృష్టించే వాళ్లు వేరు. సెట్లోనే మాట పట్టే సింక్ సౌండ్‌కు రికార్డిస్టు, కర్రకు మైకు కట్టి పట్టుకునే బూమ్ ఆపరేటర్ కావాలి. 2001లో వచ్చిన 'లగాన్' ఇలా తీసిందే. 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి చదివింది పుణెలోని ఎఫ్‌టీఐఐలో, సౌండ్ విభాగంలోనే. అక్కడా, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లోనూ డిగ్రీ తర్వాత ఈ కోర్సులున్నాయి. సౌండ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్ అడుగుతారు. అర్హతలు, ఫీజులు ఏటా మారుతుంటాయి కాబట్టి నోటిఫికేషన్ మీరే చదవండి. ఎవరో చెప్పింది నమ్మి ఏడాది పోగొట్టుకోవద్దు.

సినిమా దాకా వెళ్లనక్కర్లేదు కూడా. పెద్ద సభల్లో వేదిక దగ్గరే కాకుండా మధ్యలోనూ స్పీకర్లు పెడతారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వేదికకు 34 మీటర్ల దూరంలో స్పీకర్ పెడితే, దాన్ని సెకనులో పదో వంతు ఆలస్యం చేయాలి. లేకపోతే ఒకే మాట రెండుసార్లు వినిపించి గందరగోళం అవుతుంది. 'డిలే' అనే ఆ బటన్ మిక్సర్‌లో ఉంటుంది, దాన్ని ఎందుకు వాడాలో తెలిసినవాళ్లే తక్కువ. తెలిసినవాళ్లను ఈవెంట్ల వాళ్లు వదులుకోరు.

టీవీ ప్రసారాలకు అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది. మాట బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనం పట్టేస్తాం. వెనకొస్తే మాత్రం 125 దాకా పట్టించుకోం. ఈ తేడా ఎందుకో తెలుసా? చెరువు అవతలి గట్టున బట్టలు ఉతికేవాళ్లను చూడండి. బట్ట బండను తాకడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. వెలుతురు ముందు, శబ్దం వెనక రావడం మన కళ్లకూ చెవులకూ పుట్టినప్పటి నుంచీ అలవాటు. చప్పుడే ముందొస్తే మాత్రం ఏదో తేడాగా ఉందని బుర్ర వెంటనే చెబుతుంది.

ఈసారి పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకో, కుప్పం గంగమ్మ జాతరకో వెళ్లినప్పుడు ఒక పని చేయండి. పలకలు కొట్టేవాళ్లకు దగ్గరగా నిలబడి, దెబ్బ పడే చేతిని చూడండి. తర్వాత వంద మీటర్లు వెనక్కి నడిచి మళ్లీ అదే చేతిని చూడండి. కర్ర పైకి లేస్తున్నప్పుడు దెబ్బ వినపడుతుంది. ఫోన్‌లో వీడియో తీసుకుని ఇంటికొచ్చి ఫ్రేము ఫ్రేముగా లెక్కపెట్టండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో తొమ్మిది ఫ్రేముల దగ్గర్లో తేడా వస్తుంది. ఇప్పుడు ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో ఆ శబ్దాన్ని తొమ్మిది ఫ్రేములు ముందుకు జరిపి ఆడించి చూడండి.