పదో పేరు చెప్పడం ఎందుకంత కష్టం?

ఏప్రిల్ నెలలో షికాగో శివారు నేపర్‌విల్‌లోని తెలుగు ఇళ్లలో హైస్కూలు పిల్లలను కదిపి చూడండి. పరీక్షల సంగతి తర్వాత, ముందు షికాగో బేర్స్ జట్టు ఈసారి ఎవరిని తీసుకుంటుందో చెబుతారు. టీవీ వ్యాఖ్యాతలు, విలేఖరులు, గణాంక నిపుణులు, పందేలరాయుళ్లు కూడా ఆ నెలంతా అదే పనిలో ఉంటారు. ఇన్ని బుర్రలు, ఇన్ని కంప్యూటర్లు ఒకే ప్రశ్న మీద కూర్చున్నా ఏటా చాలా జవాబులు తప్పుతాయి. ఎలా తప్పుతాయో తెలుసుకోవడానికి ఆట తెలియనక్కర్లేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. కాలేజీ ఆట ముగించిన కుర్రాళ్లను అవి ఏటా ఏప్రిల్ చివర్లో ఏడు రౌండ్లలో వంతులవారీగా పంచుకుంటాయి. అదే డ్రాఫ్ట్. మన ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో ఏ సీటు దొరుకుతుందన్నది మన ర్యాంకుతోనే తేలదు, మన ముందున్నవాళ్లు ఏం వదిలారన్నదీ చూడాలి. ఇక్కడా అంతే. కాకపోతే ఇక్కడ ఎంచుకునేది జట్టు, ఎంపికయ్యేది మనిషి. పైగా కిందటి సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్టుకే మొదటి వంతు. ఆ వంతును ఇంకో జట్టుకు ఇచ్చి బదులు పుచ్చుకోవచ్చు కూడా. కౌన్సెలింగ్‌లో అలా జరిగితే మర్నాడు పేపర్లో వస్తుంది.

బలహీన జట్లు కోలుకోవాలని 1935లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్ ప్రతిపాదించిన ఏర్పాటిది. 1936లో జరిగిన తొలి డ్రాఫ్ట్‌లో తొలి పేరు షికాగో విశ్వవిద్యాలయం ఆటగాడు జే బెర్వాంగర్‌ది. ఈగిల్స్ అతని హక్కును బేర్స్‌కు ఇచ్చేశారు. బేర్స్ అధిపతి జార్జ్ హాలస్‌తో జీతం కుదరక అతను ప్రొఫెషనల్ ఆటలో అడుగే పెట్టలేదు. ఆ ఏడాది ఎంపికైన 81 మందిలో ఆ సీజన్ ఆడినవాళ్లు 24 మందే.

ఇక జోస్యం సంగతి. 2024లో మొదటి వంతు బేర్స్‌దే. మార్చిలోనే తమ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపేవాడు) జస్టిన్ ఫీల్డ్స్‌ను పిట్స్‌బర్గ్‌కు పంపేశారు. ఆ స్థానానికి కాలేజీ ఆటగాడు కేలబ్ విలియమ్స్ పేరు చెప్పడానికి ఇక శాస్త్రం అక్కర్లేదు. 2025లో వాళ్లది పదో వంతు. అక్కడ తొమ్మిది జట్ల తొమ్మిది నిర్ణయాలు అడ్డం ఉన్నాయి. ఈ తేడాను కొలిచే సాధనాన్ని 1948లో క్లాడ్ షానన్ సమాచార సిద్ధాంతంలో ఇచ్చాడు. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలో ఉన్న సమాచారం సున్నా బిట్లు. ఎనిమిది మందికి సమాన అవకాశం ఉంటే మూడు బిట్లు, పదహారు మందికి ఉంటే నాలుగు. 2024 మొదటి పిక్ (ఎంపిక) దాదాపు సున్నా బిట్ల ప్రశ్న. 2025 పదో పిక్ అలాంటిది కాదు.

ఆ డ్రాఫ్ట్ రాత్రి, అంటే 2025 ఏప్రిల్ 24న గ్రీన్ బేలో ఏం జరిగిందో చూడాలి. మొదటి పేరు కామ్ వార్డ్, టెనెసీ టైటన్స్‌కు. అందరూ అనుకున్నదే. రెండో వంతు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ది. ట్రావిస్ హంటర్‌ను తీసుకుంటారని చాలామంది రాసి పెట్టుకున్నారు. ఐదో వంతు జాక్సన్‌విల్ జాగ్వార్స్‌ది, వాళ్లకు మేసన్ గ్రాహమ్ అన్నారు. తీరా చూస్తే రెండు జట్లూ వంతులు మార్చుకున్నాయి. హంటర్ రెండో వాడిగానే, గ్రాహమ్ ఐదో వాడిగానే వెళ్లారు, జట్లు మాత్రం తారుమారయ్యాయి. ఆటగాళ్ల విలువను సరిగ్గా అంచనా వేసినవాడు కూడా ‘ఎవరు ఏ జట్టుకు’ అన్న లెక్కలో రెండు చోట్లా తప్పాడు.

పదో వంతు వచ్చేసరికి బేర్స్ అభిమానులు ఆశపడ్డ రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు) ఆష్టన్ జెంటీ ఆరో పిక్‌లోనే లాస్ వేగస్ చేతికి పోయాడు. బేర్స్ మిషిగన్ విశ్వవిద్యాలయం టైట్ ఎండ్ (ప్రత్యర్థులను అడ్డుకుంటూ పాసులూ అందుకునేవాడు) కోల్‌స్టన్ లవ్‌లాండ్‌ను తీసుకున్నారు. అప్పటి కొత్త కోచ్ బెన్ జాన్సన్ డెట్రాయిట్ నుంచి వచ్చినవాడు, అక్కడ టైట్ ఎండ్ శామ్ లపోర్టాను బాగా వాడుకున్నవాడు. ఆ ఆనవాలు చదివినవాళ్లు టైట్ ఎండ్ వస్తాడనే అన్నారు. కాకపోతే వాళ్లలో చాలామంది చెప్పిన పేరు టైలర్ వారెన్. అతను 14వ పిక్‌లో ఇండియనాపోలిస్‌కు వెళ్లాడు. పైగా లవ్‌లాండ్‌కు జనవరిలో భుజానికి శస్త్రచికిత్స జరిగింది. 40 గజాల పరుగు, 225 పౌండ్ల బరువెత్తడం లాంటి కొలతలతో కుర్రాళ్లను తూచే మోడల్‌కు అతని గడులు ఖాళీగా కనిపించి ఉంటాయి.

మొదటి రౌండులోని 32 పేర్లనూ వరసగా చెప్పాలంటే ఏమిటి గతి? ప్రతి పిక్‌నూ నూటికి తొంభై పాళ్లు సరిగ్గా చెప్పగల మహా మేధావి ఉన్నాడనుకుందాం. 0.9ని 32 సార్లు గుణిస్తే మిగిలేది 0.034. అంటే అంతటివాడికీ మొత్తం జాబితా సరిపోయే అవకాశం నూటికి మూడున్నర లోపే. నూటికి యాభై పాళ్లు చెప్పగలవాడికి 429 కోట్లలో ఒకటి.

అందుకే తెలివైన మోడళ్లు ఒక్క పేరు చెప్పవు. మాంటే కార్లో పద్ధతిలో డ్రాఫ్ట్‌ను కంప్యూటర్లో వేల సార్లు నడుపుతాయి. ప్రతి జట్టుకూ లోటున్న స్థానాలేమిటి, ఆటగాళ్ల మీద సాధారణ అభిప్రాయం ఏమిటి అన్నవి తీసుకుని, ప్రతిసారీ కొంచెం యాదృచ్ఛికత కలుపుతాయి. పది వేల డ్రాఫ్ట్‌లలో ఒక కుర్రాడు పదో వంతు దాకా మూడు వేల సార్లు మిగిలి ఉంటే, అతను దొరికే అవకాశం 30 శాతం. ఈఎస్పీఎన్ ఏటా ఇచ్చే ‘ఎవరు ఎంతదాకా మిగులుతారు’ అనే అంచనా కూడా సంభావ్యతల రూపంలోనే ఉంటుంది.

అలా చెప్పినవాణ్ణి పరీక్షించే కొలబద్ద వాతావరణ శాఖ నుంచి వచ్చింది. ఇచ్చిన సంభావ్యతకూ జరిగినదానికీ (జరిగితే 1, జరగకపోతే 0) ఉన్న తేడాను వర్గం చేయమని 1950లో గ్లెన్ బ్రయర్ సూచించాడు. 90 శాతం అని ఢంకా బజాయించి తప్పినవాడికి 0.81 శిక్ష. 30 శాతం అని, అది జరిగితే 0.49. అంచనాలన్నిటి మీద సగటు ఎంత తక్కువైతే అంత మేలు. టీవీ పండితులకు ఈ లెక్క కడితే కొందరి సీజన్ టిక్కెట్లు రద్దవుతాయేమో.

అయితే వానకూ డ్రాఫ్ట్‌కూ ఒక తేడా ఉంది. మబ్బు మనల్ని మోసం చేయాలనుకోదు. ఏప్రిల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు అబద్ధపు లీకులు వదులుతాయి, తమకు అక్కర్లేని ఆటగాణ్ణి పొగుడుతాయి, నిజంగా కావాల్సినవాడి ఊసెత్తవు. పైగా అంచనాలు వేసేవాళ్లు ఒకరిని చూసి ఒకరు రాస్తారు. వంద మంది విడివిడిగా పొరబడితే సగటులో పొరపాట్లు కొట్టుకుపోతాయి, వంద మందీ ఒకేవైపు పొరబడితే సగటూ అటే వాలుతుంది. 2025లోనే క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్ మొదటి రౌండులో పోతాడన్నారు. అతన్ని తీసుకున్నది ఐదో రౌండులో, 144వ పిక్‌గా.

ఇంతవరకు అడిగింది ‘జట్టు ఎవరిని తీసుకుంటుంది’ అని. ‘వాడు బాగా ఆడతాడా’ అన్నది వేరే ప్రశ్న, ఇంకా గడ్డుది. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ పాత డ్రాఫ్ట్‌లు తిరగేసి చూశారు. ఒకే స్థానానికి ముందు ఎంపికైనవాడు, అతని వెనకే ఎంపికైనవాడి కన్నా మెరుగ్గా ఆడింది సుమారు 52 శాతం సందర్భాల్లోనే. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. బేర్స్‌కు ఆ రెండు శాతం కూడా దక్కని ఏడాది 2017. వంతులు ఎదురిచ్చి మరీ మూడు నుంచి రెండుకు ఎగబాకి క్వార్టర్‌బ్యాక్ మిచెల్ ట్రూబిస్కీని తీసుకున్నారు. ఆ తర్వాత మేటి క్వార్టర్‌బ్యాక్‌గా ఎదిగిన ప్యాట్రిక్ మహోమ్స్ పదో పిక్ దాకా ఖాళీగానే ఉన్నాడు.

నేపర్‌విల్ సెంట్రల్ హైస్కూలు రికార్డు కూడా చూడండి. అక్కడ చదివిన ఓవెన్ డేనియల్స్ 2006లో 98వ పిక్. కామెరన్ బ్రేట్ హార్వర్డ్‌లో ఆడి వస్తే 2014లో ఏడు రౌండ్లలోనూ ఎవరూ తీసుకోలేదు. ఆ తర్వాత టాంపా బేలో దిగ్గజ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీతో కలిసి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాడు. ఆ బ్రేడీ 2000లో 199వ పిక్. ఇక అదే స్కూలు రిసీవర్ (పాసులు అందుకునేవాడు) జేడెన్ రీడ్‌ను 2023లో 50వ పిక్‌గా ఎగరేసుకుపోయింది బేర్స్‌కు ఆగర్భ శత్రువులైన గ్రీన్ బే ప్యాకర్స్. మరో రెండు పేర్ల తర్వాత, 53లో, బేర్స్ వంతు వచ్చింది. వాళ్లు డిఫెన్స్‌కు గెర్వాన్ డెక్స్టర్‌ను తీసుకున్నారు. రీడ్ అప్పటికి మిగిలి ఉంటే బేర్స్ తీసుకునేవాళ్లా? డీజే మూర్ లాంటి రిసీవర్ అప్పటికే చేతికొచ్చాడు కనుక నేనైతే పది శాతం దాటి ఇవ్వను. నేపర్‌విల్‌లో అడిగితే వంద అంటారు.