అల్లుని ఇంటి గోడకు వడ్రంగి పిట్ట పొక్కలు

పోయిన ఏప్రిల్‌ల ఒకనాడు రాత్రి మా అక్క కొడుకు ఫోన్ చేసిండు. అమెరికాల నార్త్ కరోలినాల ఉంటడు. రెండేండ్ల కింద అప్పు చేసి పాత ఇల్లు కొన్నడు. "మామా, నెల రోజులసంది తెల్లారకముందే గోడకు ఎవడో మిషిన్ పెట్టినట్టు టకటకటక ఒకటే చప్పుడు. బయటికొచ్చి చూస్తే వడ్రంగి పిట్ట. గోడకు పదకొండు పొక్కలు వెట్టింది. ఎయిర్ గన్ కొంటున్న" అన్నడు.

"ఆగురా అల్లుడా, జైలుకు పోతవ్" అన్న.

ఉత్తగనే బెదిరియ్యలే. అక్కడ 1918ల చేసిన వలస పక్షుల చట్టం ఉన్నది. పేరుకు వలస పక్షులని ఉన్నా, అక్కడి వడ్రంగి పిట్టలన్నీ దాని కిందికే వస్తయ్. పర్మిషన్ లేకుంట చంపితే 15,000 డాలర్ల దాకా జుర్మానా, ఆరు నెలల దాకా జైలు. గుడ్లున్న గూడును ముట్టుకున్నా తప్పే.

గోడకు పిట్ట పొక్క పెట్టుడేందని మీకు నవ్వు రావొచ్చు. మన గోడలు మట్టివో, రాయివో, ఇటుకవో. అక్కడ చానా ఇండ్లకు లోపల కట్టె గుంజలుంటయ్, నడుమ చలి ఆపెతందుకు దూది లాంటి సరుకు కూరుతరు, బయట ఒకదాని మీద ఒకటి ఎక్కిచ్చి చెక్కలు కొడుతరు. ఆ బయటి చెక్కలనే సైడింగ్ అంటరు. ముక్కుతోని కొడితే బోలు చప్పుడొస్తది. అంటే పిట్ట లెక్కల అది ఇల్లు కాదు, లోపల పుచ్చిన చెట్టు. మా అల్లునిది సీడార్ చెక్క, పైంగ ముదురు గోధుమ రంగు. అచ్చం చెట్టు బెరడే.

ముందుగాల పొక్కలను చూడుమన్న. పిట్ట ఎందుకొచ్చిందో పొక్కనే చెప్తది. పై పైన చిన్న చిన్న గుంతలు గుంపుగ ఉంటే అది పొక్క తవ్వుడు కాదు, డప్పు కొట్టుడు. ఎండకాలం మొదట్ల జోడును పిలిచెతందుకు, "ఈ జాగ నాది" అని చెప్పెతందుకు కొడుతది. చప్పుడు మంచిగొస్తదని రేకు గొట్టాల మీద గూడ కొడుతది. జోడు కట్టినంక అదే తగ్గుతది. గుండ్రంగ నారింజ పండంత పొక్కుండి లోపలి దూది బయటికి గుంజి ఉంటే గూడు కోసం తవ్వింది. ఇగ చిన్న పొక్కలు గీత గీసినట్టు వరుసగ ఉంటే తిండి కోసమొచ్చింది. చెక్కల సందులల్ల ఈగల్లాంటి చిన్న తేనెటీగలు గుడ్లు పెడుతయ్, సూరు కింది చెక్కకు నల్ల తుమ్మెదలు తొర్ర చేస్తయ్. వాటి పిల్ల పురుగులను గుంజి తింటది. గిప్పుడు పిట్టను తరిమితే ఏమైతది? పురుగులు లోపల్నే ఉంటయ్. రేపు ఇంకో పిట్ట వస్తది.

మావోనివి పదకొండుల పది వరుస పొక్కలే, ఒకటి గుండ్రంది. ఆ గుండ్రందాన్ల టార్చి కొట్టి చూడుమన్న. ఖాళీగుంది. పిల్లలున్నయనుకో, గుడ్డు పెట్టిన కాడికెల్లి ఎగిరిపోయేదాక నెలకు పైనే పడుతది, అప్పటిదాక మూయద్దు. మూస్తే లోపల సచ్చి వాసనొస్తది, పాపం వేరే.

తర్వాత పని తొందరగ కావాలె. పిట్టకు జాగ అలవాటైనంక పోగొట్టుడు కష్టం. పురుగుల పొక్కలు శుభ్రం చేసి చెక్క పుట్టీ నింపి, పెద్దదానికి రేకు ముక్క కొట్టి లేత రంగు పెయింటు వెయ్యమన్న. పొక్కలు తెరిచుంటే అవే ఇంకో పిట్టను పిలుస్తయ్. మస్తుగ కొట్టే జాగల సూరు నుంచి కిందికి వల కట్టాలె. వల గోడకు అంటుకుంటే లాభం లేదు, ముక్కు అందుతది. మూడంగుళాల ఎడం ఉండాలె, కండ్లు ముప్పావు అంగుళానికి మించొద్దు, అంచులు మూసెయ్యాలె. లేకుంటే పిట్ట లోపలికి దూరి చిక్కుకుంటది.

అంగట్ల ప్లాస్టిక్ గుడ్లగూబలమ్ముతరు. అల్లుడు గది గూడ కొన్నడు. మూడోనాడు పిట్ట దాని నెత్తి మీదనే కూసుందట! కార్నెల్ యూనివర్సిటీ పక్షుల పరిశోధన కేంద్రమోళ్లు ఇసొంటియి ఇండ్లకు కట్టి చూసిన్రు. గాలికి ఊగే మెరుపు రిబ్బన్లే కొద్దిగ నయమని తేలింది. అవి గూడ అన్ని ఇండ్ల కాడ పనిచెయ్యలే. రిబ్బను సస్తది, వల ఖర్చయితది, కని రెండూ ఎయిర్ గన్ కంటె మంచియే.

మాటల నడుమ ఇంకో ముచ్చట బయటపడ్డది. పెరట్ల ఎండిపోయిన పెద్ద చెట్టుంటే, పోయిన చలికాలం మనిషిని పెట్టి కొట్టిచ్చిండట. ఇంటి మీద పడుతదని భయం, అది తప్పనను. గోడ మీదికి పిట్ట వచ్చింది ఆ తర్వాతనే. చెట్టు పోయినందుకే వచ్చిందని ఒట్టేసి చెప్పలేను గని, నాకైతే అట్లనే అనిపిస్తది.

ఇగ మన దిక్కు రాండ్రి. మన వడ్రంగి పిట్ట బంగారు వీపుది, ఎర్ర జుట్టుది. మామిడి కొమ్మలల్ల, తాటి మోడులల్ల తొర్రలు తొలుస్తది. ఒక ఏడాది ఉండి ఇడిసిపెడుతది. ఆ పాత తొర్రలల్ల రామచిలుకలు, గోరింకలు పిల్లలు చేస్తయ్. దసరా నాడు మనం మొక్కే పాలపిట్ట, మన రాష్ట్ర పక్షి, దానికి సొంతంగ తొర్ర తొలిచే ముక్కు లేదు. ఎవలో తొలిచిన తొర్రనో, విరిగిన తాటి మోడునో చూసుకోవాలె. పండుగకు దాన్ని పంజరంల పట్టుకొచ్చి పైసలకు చూపెట్టేటోళ్లను తిడుతం, తిట్టాలె గూడ. కని దాని ఇల్లు కొట్టేసేది మనమే. ప్లాట్ల కోసం తాళ్లు పోతున్నయ్, మోడులైతే ఎందుకు పనికొస్తయని ముందే పోతయ్. తమ్ముళ్లూ, గులేరుతోని వడ్రంగి పిట్టను కొడితే మన దగ్గర గూడ నేరమే, 1972 వన్యప్రాణి చట్టం కింద.

మా చెరువు కట్ట మీద మొవ్వు ఎండిపోయిన తాటి మోడులు మూడున్నయ్. ఇండ్లకు దూరం, కరెంటు తీగలకు దూరం, ఎవల మీద పడయ్. కట్ట బాగుచేసుడంటూ వాటిని గూడ తీసేస్తమంటున్నరు. నడిమి మోడుల తొర్ర ఉన్నది, ఫొటో తీసి వార్డు మెంబరుకు చూపెట్టిన. "చూద్దాం అన్నా" అన్నడు. రెండు వారాలైంది, మళ్ల పోయి అడగాలె.