రాజశేఖరుఁడును రామరాజును

ధవళేశ్వరమునకు దిగువను జీలిన గోదావరిపాయలలో వసిష్ఠ యంతర్వేదికడ సముద్రమునఁ గలియుచున్నది. మాఘమాసమున నచటి లక్ష్మీనృసింహస్వామి కల్యాణమునకు వచ్చు యాత్రికులలో నొకఁడు సొమ్మసిల్లినచోఁ బ్రక్కవారు ముందుగా నోట నీరు పోయుదురు. ఊరును గులమును దరువాత నడుగుదురు. ఆ ధవళేశ్వరముననే యారంభమగు రాజశేఖరచరిత్రమునందుఁ గందుకూరి వీరేశలింగము పంతులుగా రిట్టి యుపచారమునుండియే యొక గొప్ప స్నేహమును బుట్టించిరి. ఈ గ్రంథము 1878లో వివేకవర్ధనియందు వెలువడ నారంభించి 1880లోఁ బుస్తకరూపము దాల్చినది.

రాజశేఖరుఁడు సంపన్నుఁడై యున్ననాఁడు పొగడువారి కెల్లఁ బెట్టెను. బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి యున్న బంగారమును బోఁగొట్టుకొనెను. కలిమి తొలఁగఁగానే పొగడినవారును దొలఁగిరి. పిమ్మటఁ గుటుంబముతోఁ గాశికిఁ బయనమై పోవుచు, త్రోవలో నెండదెబ్బచేఁ బడియున్న యొక క్షత్రియుని సేదదేర్చెను. అతఁడే రామరాజు. పొగడ్త నాసింపక రాజశేఖరుఁడు చేసిన మొదటి యుపకార మిదియే యని నా తలంపు. సిరి యున్ననాఁడు పెట్టిన దంతయు బూడిదలోఁ బోయఁగా, లేనినాఁడు చేసిన యీ చిన్నమేలు ఫలించినది.

రామరాజు నిజముగాఁ బెద్దాపుర ప్రభువైన కృష్ణజగపతి మహారాజు. మాఱువేషమునఁ బ్రజల సుఖదుఃఖముల నరయుచుండెను. గోల్డుస్మిత్తు 1766లోఁ బ్రకటించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డునందలి బర్చెలుఛాయ యీ పాత్రయందుఁ గలదని విమర్శకు లెఱిఁగినదే. అయినను భేద మొకటి కలదు. దానిని జాలమంది గమనింపరు. బర్చెలు మతాచార్యుని కూఁతును నీట మునిఁగిపోకుండఁ గాపాడి, కడపట నామెనే పెండ్లాడును. అచట స్నేహము చుట్టఱికముగా మాఱును. ఇచట బ్రాహ్మణగృహస్థునకును క్షత్రియప్రభువునకును నాఁటి యాచారమున వియ్యము పొసఁగదు. కావున వారి నడుమ నిలిచినవి చేసిన మేలును, దానిని మఱవని మనస్సును మాత్రమే. ఆచారముచేఁ గలిగిన యీ నిర్బంధము కథకు మేలే చేసినది.

లోపము లేకపోలేదు. రాజశేఖరుని కష్టములు తుదకుఁ దీఱుట రాజాధికారమువలన. రామరాజు నిజముగా నిరుపేద బాటసారియే యైనచో నాతని కృతజ్ఞత చెఱసాల తలుపు తెఱవఁగలదా? పంతులుగా రీ ప్రశ్నకుఁ జోటీయలేదు. అందుచేత నాకుఁ బట్టాభిషిక్తుఁడైన కృష్ణజగపతికంటె, వేషము తొలఁగకమున్ను పరిచితుఁడైన సామాన్యునివలె వారి యింటికి వచ్చిపోవు రామరాజే హృద్యుఁడు. అప్పు డాతఁడు రాజని రాజశేఖరుఁ డెఱుఁగఁడు, ఎఱుఁగకయే యాదరించుచుండెను.