సర్కారు తుమ్మయు మన చెట్లును



మా ఊరి చెఱువు దిగువను నాకు నాలుగెకరముల బీడు కలదు. అందు వేప, కానుగ, తెల్లతుమ్మ, జమ్మి మొదలగు మన నేల చెట్లను పెంపవలెనని కొన్ని యేండ్ల క్రిందట నాకు కోరిక పుట్టినది. ఆ బీడు నాదని నేననుకొనుచుంటిని గాని, నిజమున కది సర్కారు తుమ్మది. మనిషి దూరుటకు సందు లేదు.

దీనినే కొందఱు ఇంగ్లీషు తుమ్మ యనియు, కొన్ని తావుల చిల్లకంప యనియు నందురు. దీని పుట్టినిల్లు అమెరికా ఖండపు మధ్య, దక్షిణ భాగములు. వంటచెఱకు కఱవు తీఱునని అటవీశాఖవారు విత్తనములు తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురము ప్రాంతమున నాటించిరి. అనగా నిది పిలువని చుట్టము కాదు. మన జమ్మికి దాయాది కూడను. వృక్షశాస్త్రజ్ఞులు ఈ రెంటిని చిరకాలము ఒకే ప్రజాతిలో చేర్చి యుంచిరి.

మొదటి యేడు కూలివాండ్రను బెట్టి చెట్లన్నిటిని నేలమట్టముగా నఱికించి, కంపను తగులబెట్టించితిని. తొలకరి కురిసిన నెలకు, ఒక్క మోడున్నచోట పది చిగుళ్లు లేచినవి. ఇందులో వింత లేదు. ఈ చెట్టునకు చిగురించు కన్నులు మోటిలోనే గాక, మన్నులో పాతుకొన్న మొదటి భాగమునందును దాగియుండును. పైన నఱికినకొలదిని అవి మేల్కొనును. జానెడున్నర లోతువఱకు త్రవ్వి, ఆ కన్నులకు దిగువను వేరు తెగగొట్టినగాని చెట్టు చావదు.

రెండవ తప్పు ఇంతకంటె సిగ్గుచేటు. నాటు గుంటలలో మా పసులపాక పేడను పోయించితిని. సర్కారు తుమ్మ కాయలు తియ్యన. పసులు, మేకలు వానిని మక్కువతో తినును. పైపెంకు గట్టిదగుటచే గింజ కడుపులో నరుగదు. పేడతో వెలికివచ్చి మొలచును. నా కానుగ మొక్క ప్రక్కనే, నా గుంటలోనే, నేను పోసిన ఎరువుతోనే అది మొలచినది. కాయలు మేసిన పసుల పేడను నాటు గుంటలలో వేయరాదు.

ఇక గడ్డపాఱలతో అంతయు మొదలంట పెఱికింతునని బయలుదేఱితిని. అప్పుడు మా ఊరి ముసలమ్మ యొకతె వచ్చి, "సామీ, ఈ కంపంతా పీకేస్తే మేము పొయ్యిలో ఏం పెట్టుకోవాల?" అని యడిగినది. నాకు వెంటనే మాట రాలేదు. ఊరిలో సగము పొయ్యిలు ఆ కంపతోనే మండుచున్నవి. బొగ్గుల బట్టీలు పెట్టి బ్రతుకు కుటుంబములును నాలుగైదు కలవు. పూత కాలమున తేనెటీగలు దానిమీదనే ముసరును. ఆ నీడలోను, రాలిన యాకులలోను ఇతర విత్తనములు మొలచుట కష్టమనుమాట నిజమే. కాని పొయ్యికి ఆ మాట చాలదు.

కావున బీడును భాగములు చేసితిని. గట్టు వెంబడి ఒక వరుసను కంచెగా నుంచి, అది ముసలమ్మకును ఆమె యిరుగుపొరుగులకును విడిచితిని. కాయలు పండి రాలకమునుపే కొమ్మలు నఱకవలెనని మాత్రము ఒడంబడిక. లోపలి భాగమును ఏటికొక యెకరము చొప్పున, వాన తడికి నేల మెత్తబడిన పిదప, బొగ్గులవారే త్రవ్వుకొనిరి. మొద్దులు, వేళ్లు వారివి. నాకు త్రవ్వుకూలి మిగిలినది.

నఱికిన ముండ్లకొమ్మలను కాయలు లేకుండ చూచి, మొక్క చుట్టును దడిగా కట్టించితిని. మేకను ఆపుటకు అంత చవుకైన సాధనము వేఱొకటి నాకు దొరకలేదు. మన చెట్లను చంపునదే వానికి రెండేండ్లు కావలి కాచినది! పాత గింజలు మన్నులో చాలకాలము బ్రతికియుండును గనుక, ప్రతి వానకును పదునుమీద తిరిగి, లేత మొక్కలను చేతితో లాగుచుంటిని. మొలక బెత్తెడు మించనప్పుడు రెండు వ్రేళ్ల పని. ఏడాది దాటెనా, గునపము పని.

ఈ యేడు కానుగలు నా తలను మించినవి. జమ్మి మాత్రము మోకాలి యెత్తుననే యున్నది. అది ముందు వేరు దింపుకొని పిమ్మట పైకి చూచు జాతి. గట్టుమీది కంపను ముసలమ్మ మనుమడు నిన్ననే నఱికి బండికెత్తుకొనిపోయినాడు. కాయలు పండుటకు ఇంకను నెల యున్నది.